రెండిళ్ల గ్యారంటీ

ఎదురింటి కుట్టుమిషను ఆవిడ చెప్పిందని పాలతను అన్నాడట. పాలతను అన్నాడని కింద వాటాలో ఉండే ఇంటావిడ తన తోడికోడలికి ఫోనులో చెప్పిందట. ఏమనంటే, మేడ మీద అద్దెకుండే కంప్యూటరాయన గుట్టుచప్పుడు కాకుండా రెండో కాపురం పెట్టాడని. "పెళ్లాం అక్క పురుటికని వెళ్లి ఎన్నాళ్లో కాలేదమ్మా, ఈయన కొత్త మంచం కొన్నాడు, కొత్త పొయ్యి కొన్నాడు, ఆడవాళ్ల చెప్పులు కూడా కొన్నాడు. కొన్నది ఒక్కటీ ఈ ఇంటి గడప తొక్కలేదు. మరి ఎక్కడికి పోతున్నట్టు?" అని ఇంటావిడ వాపోతే, అవతల తోడికోడలు కనీసం అయ్యో అని కూడా అనకుండా, "అడ్రసు తెలిసిందా?" అని అడిగిందట.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ పొగంతా నిజమే. మంచం నిజం, పొయ్యి నిజం, చెప్పులు నిజం. నిప్పు మాత్రం ఎవరి ఊహకూ అందని చోట ఉంది. అది ఆయన ఉద్యోగంలో ఉంది.

ఆఫీసులో ఆయన్ని గ్యారంటీగారు అంటారు. ఎవరు ఏ పని తలపెట్టినా "మధ్యలో తేడా వస్తే?" అని అడగడం ఆయన అలవాటు. మెట్లు దిగి కాఫీ తాగొద్దాం రమ్మన్నా అదే అడుగుతాడు. ఆయన పనిచేసేది కంపైలరు మీద. కంపైలరంటే బ్రహ్మపదార్థమేమీ కాదు, దుబాసీ లాంటిది. ప్రోగ్రాములు రాసేవాళ్లు తమకు తెలిసిన భాషలో ఏదో రాస్తారు, దాన్ని యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చిపెడుతుంది. అందులో గ్యారంటీగారి వాటాకు వచ్చింది సామాన్లు తరలించే విభాగం.

యంత్రంలోనూ సామాన్లుంటాయి. వరసగా పెట్టిన వస్తువులు పెరిగి పెరిగి ఉన్న చోటు చాలకపోతే, వాటిని పెద్ద చోటికి మార్చాలి. అప్పుడు దుబాసీ, దాని పరివారం కలిసి ఆ వస్తువును ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు: "నిన్ను కదిలించేటప్పుడు మధ్యలో గొడవ చేయనని మాటిస్తావా?" ఇస్తానంటే ఎత్తి కొత్త చోట పెడతారు. ఇవ్వనంటే దాన్ని కదిలించరు. కొత్త చోట దానికి నకలు తయారుచేస్తారు. నకళ్లన్నీ క్షేమంగా కుదురుకున్నాకే పాతవాటిని చెరిపేస్తారు. మధ్యలో ఎక్కడ తేడా వచ్చినా పాత చోట పాతవన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి కాబట్టి గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చు. మాటిచ్చి తప్పిన వస్తువు సంగతి వేరు. దానికి విచారణ లేదు, క్షమాపణ లేదు, ప్రోగ్రాము మొత్తం అక్కడికక్కడే హరీ. ఇక నకలు తీయడానికే వీల్లేని వస్తువులు కొన్ని ఉంటాయి. వాటిని గ్యారంటీ లేకపోయినా కదిలించక తప్పదు. పడితే పడ్డాయి.

ఈ రూలు గ్యారంటీగారికి ఇన్నాళ్లూ అన్నం పెట్టింది. అన్నం పెట్టిన రూలును ఆఫీసు గుమ్మం దగ్గరే వదిలి ఇంటికి రావాలని మాత్రం ఆయనకు తోచలేదు.

ఆ శనివారం పొద్దున ఆయన వేసుకున్న ప్లాను చాలా మామూలుది. కాఫీ తాగడం, లారీ మేస్త్రిని పిలవడం, ఇల్లు మారడం. కొత్త ఇల్లు నాలుగు వీధుల అవతలే ఉంది. భార్యకు నచ్చి, తానే కిటికీలన్నీ తెరిచి చూసి, ఖాయం చేసి మరీ అక్క దగ్గరికి వెళ్లింది. కాఫీ చల్లారకముందే ఆవిడ ఫోను వచ్చింది.

"వచ్చే ఆదివారానికి వస్తాను. తిన్నగా కొత్త ఇంటికే వస్తాను. ఆలోగా అన్నీ చేర్చేయండి. ఏది విరిగినా ఊరుకుంటాను గానీ, నానమ్మ అద్దానికి ఏమైనా అయిందో, మళ్లీ మా అక్క ఇంటికే వెళ్లిపోతాను."

నవ్వుతూనే అంది. కానీ ఆ నవ్వు వెనక ఏముందో గ్యారంటీగారికి తెలుసు. మనిషెత్తు నిలువుటద్దం అది, చుట్టూ నల్లటి కర్ర చట్రం. నానమ్మ పోయాక వస్తువులు పంచుకుంటుంటే ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. పెళ్లయిన కొత్తలో గ్యారంటీగారు అద్దం వెనక తీగ బిగించబోయి ఒక మూల పగలగొట్టాడు. ఆవిడ ఏమీ అనలేదు. ఏమీ అనకుండా గడిపిన ఆ వారం ఆయనకు ఇప్పటికీ గుర్తుంది.

మేస్త్రి వచ్చి గదులన్నీ తిరిగి చూశాడు. గ్యారంటీగారు వెనకే తిరిగాడు.

"మేస్త్రీ, మధ్యలో తేడా వస్తే?"

"ఏం తేడా సార్?"

"ఏదైనా సరే. పగలడం, గీత పడటం, దారిలో జారిపోవడం. ఇవేవీ జరగవని మాటివ్వు."

మేస్త్రి బీరువాను భుజంతో ఒకసారి కదిపి చూశాడు. "జాగ్రత్తగానే తెస్తాం సార్. రోడ్డు మీద గుంటలు నేను తవ్వినవి కాదు కదా."

"అంటే మాటివ్వవు."

"నేను లారీవాడిని సార్, మాటలివ్వడానికి లీడర్నా?"

అంతే. గ్యారంటీగారి బుర్రలో గంట కొట్టింది. మాటివ్వలేదు కనుక కదిలించకూడదు. నకలు తీయాలి. కొత్త ఇంట్లో అన్నీ కుదిరాక పాతవి తీసేయాలి. ఆ పాతవాటిని వృద్ధాశ్రమానికి ఇచ్చేస్తే పుణ్యానికి పుణ్యం. ఇంత తేలికైన సంగతి ప్రపంచంలో ఇన్ని కోట్ల మంది ఇళ్లు మారుతూ ఎవరికీ తట్టలేదేమిటా అని ఆయన తన తెలివికి తనే కాసేపు ఆశ్చర్యపోయాడు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుంది గానీ, ఏ పిల్లీ ముందుగా వెళ్లి నకలు పిల్లల్ని కొనుక్కురాలేదన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం నుంచి కొనడం మొదలైంది. అదే మంచం, అదే పరుపు, అదే రంగు దుప్పటి. గోడ మీది పెళ్లి ఫోటోను స్టూడియోకు తీసుకెళ్లి అచ్చం అలాంటిదే ఇంకోటి తీయించి, ఫ్రేము కట్టించాడు. భార్య దువ్వెనకు ఒక పన్ను విరిగి ఉంటుంది. కొత్త దువ్వెన కొని, అదే పన్ను వెతికి పట్టుకుని, పటకారుతో విరిచాడు. నకలంటే నకలే కదా.

చెప్పుల షాపులో కాస్త ఇబ్బంది ఎదురైంది. భార్య ఇంట్లో వేసుకునే పాత చెప్పులు సంచిలో తీసుకెళ్లి బల్ల మీద పెట్టాడు.

"ఇలాంటివే ఇంకో జత కావాలి."

షాపతను తిప్పి చూశాడు. "ఇవి తెగిపోలేదు కదా సార్."

"తెగలేదు. ఇవి ఆ ఇంట్లో ఉంటాయి. కొత్తవి ఈ ఇంట్లో."

షాపతను ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఇద్దరికీ ఒకటే సైజా సార్?"

"సైజు, రంగు, పట్టీ అన్నీ ఒకటే. తేడా వచ్చిందంటే తెలిసిపోతుంది."

"తెలియకూడదు లెండి," అన్నాడు షాపతను జాలిగా, చెప్పులు కాగితంలో చుడుతూ. ఆ షాపు ఎదురింటి కుట్టుమిషను ఆవిడ అన్నయ్యది.

కొత్త ఇంటి కింది వాటాలో రిటైరైన డ్రిల్లు టీచరమ్మ ఉంటుంది. భార్య ఇల్లు చూడటానికి వచ్చిన రోజు ఈవిడ ఊళ్లో లేదు. మెడలో ఈల ఇప్పుడు లేదు గానీ, చూపులో ఇంకా ఉంది. పరుపు పైకి ఎక్కుతుంటే ఆవిడ మెట్ల దగ్గర నిలబడింది.

"అమ్మగారు ఎప్పుడొస్తున్నారు?"

"అంతా కుదిరాక."

"మరి ఇప్పుడున్న ఇంట్లోవి?"

"అక్కడివి అక్కడే ఉంచుతానండీ. ఇక్కడ బాగుందని ఖాయమయ్యాకే అక్కడ తీసేస్తాను. మధ్యలో తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి ఒకటి ఉండాలి కదా."

టీచరమ్మ తన ముప్పయ్యేళ్ల సర్వీసులో ఇంత సిగ్గులేని మగవాణ్ణి చూడలేదనుకుంది. ఆయన మాత్రం ఆవిడ మొహంలో కనిపించింది మెచ్చుకోలని నమ్మి, మారుతాళం కూడా ఆవిడ చేతికే ఇచ్చాడు. తాళానికీ నకలుండాలి.

వారం మధ్యలో భార్య ఫోను చేసింది.

"సామాను ఎంతవరకు వచ్చింది?"

"ఎంతవరకు అనేది ఉండదు. అయితే మొత్తం అవుతుంది, లేదంటే ఏమీ కానట్టే."

"అంటే ఏమీ కాలేదన్నమాట."

"ఇప్పుడే చెప్పలేను."

"ఎందుకు చెప్పలేరు?"

చెబితే ఇంత ఖర్చు ఎందుకని అడ్డం పడుతుంది, పని సగంలో ఆగుతుంది. సగంలో ఆగడమంటే గ్యారంటీగారికి ప్రాణం మీదికి వచ్చినట్టే. "నువ్వొచ్చి చూద్దువుగా," అని ఫోను పెట్టేశాడు.

ఇక ఇంటావిడ తోడికోడలు ఉండేది ఎక్కడనుకున్నారు? గ్యారంటీగారి భార్య దిగిన అక్క వీధిలోనే. పురుటి సాయానికని గ్యారంటీగారి అత్తగారూ అక్కడే ఉంది. కబురు అక్కడికి చేరేసరికి గోరంత కొండంతై, ఆ రెండో ఆవిడకు ఇప్పుడు మూడో నెల కూడా వచ్చేసింది.

"నోట్లో వేలు పెడితే కొరకలేడనుకున్నాం," అంది అత్తగారు పసిబిడ్డను ఊపుతూనే. "పెట్టిన వేలు చూసుకో అమ్మా, ఉందో లేదో."

భార్య నమ్మలేదు. నమ్మకుండానూ ఉండలేకపోయింది. ఆదివారం తెల్లారుతూనే తల్లిని, తమ్ముణ్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. తమ్ముడు డ్రైవింగు స్కూలు నడుపుతాడు. రోజంతా పక్కసీటులో కూర్చుని బ్రేకు తొక్కీ తొక్కీ, తన కోపానికి తొక్కడానికి బ్రేకు మిగలనివాడు.

"ఒరేయ్, అక్కడ నువ్వు నోరు జారకూడదు, చెయ్యి జారకూడదు. మాటివ్వు," అంది దారిలో.

"ఏమీ చెయ్యను అక్కా. ఒట్టు. చూసి వచ్చేద్దాం."

ఇచ్చిన మాటను ఆవిడ నమ్మింది. కంపైలరు కూడా అంతే, ఇచ్చిన మాటను తవ్వి చూడదు.

అదే సమయంలో గ్యారంటీగారు కొత్త ఇంట్లో ఆఖరి తనిఖీ ముగించి, ఒక్కటీ తక్కువ కాలేదని తేల్చుకుని, ఈల వేసుకుంటూ పాత ఇంటికి నడిచి వెళ్తున్నాడు. వృద్ధాశ్రమం వ్యాను అప్పటికే గుమ్మంలో ఉంది. "మొత్తం తీసుకెళ్లండి," అన్నాడు కర్ణుడిలా. వాళ్లు మంచాలు, బీరువా, గిన్నెలు ఎత్తి, వెళ్తూ వెళ్తూ ఇల్లు కూడా ఊడ్చిపెట్టారు. మిగిలింది నిలువుటద్దం. దానికి నకలు దొరకదు. అందుకే దాన్ని చివరికి ఉంచి, మేస్త్రినీ లారీనీ దాని కోసమే పిలిచాడు. దుప్పట్లు చుట్టి, లారీ వెనక తనే దాన్ని వాటేసుకుని కూర్చున్నాడు. గుంట వచ్చినప్పుడల్లా అద్దం కంటే ముందు ఆయన కళ్లు మూసుకున్నాడు.

కొత్త ఇంటి దగ్గర టీచరమ్మ తాళం చేతికిస్తూ అడిగింది. "మీరు ఆవిడ తరఫువాళ్లా?"

"ఆవిడకు ముందున్న ఆవిడ తరఫు," అంది అత్తగారు.

తలుపు తీశారు. ముగ్గురూ గుమ్మంలోనే నిలబడిపోయారు. అది తమ ఇల్లే. అదే మంచం, అదే దుప్పటి, అదే మూలన అదే కుర్చీ. ఎదురుగోడ మీద పెళ్లి ఫోటోలో గ్యారంటీగారి పక్కన భార్యే నవ్వుతోంది.

"నీ ఫోటో పెట్టుకుని మరీ కాపురం చేస్తున్నాడే, ఎంత తెగింపు," అంది అత్తగారు. "దానికైనా సిగ్గుండొద్దూ?"

భార్య మంచం కింద చెప్పులు చూసింది. కాలు పెట్టింది. సరిగ్గా సరిపోయాయి.

"నా కొలతే అమ్మా."

"కొలతలు కూడా కలిసినదాన్ని వెతికి పట్టాడు. అందుకే అన్ని రోజులు పట్టింది."

తమ్ముడు ఇచ్చిన మాట అక్కడికి నిలిచింది. తర్వాత తెగింది. కిటికీ తెరిచి చూస్తే ఎదురుగా సగం కట్టిన మేడలో పనివాళ్ల కుటుంబాలు వంట పొయ్యిలు రాజేసుకుంటున్నాయి. "రండి," అని పిలిచాడు. "మంచాలు కావాలా, గిన్నెలు కావాలా? ఊరికే. ఈ ఇంట్లో ఒక్క చెంచా మిగలకూడదు." వాళ్లు ముందు నమ్మలేదు. అత్తగారు స్వయంగా తలగడ తెచ్చి ఇచ్చాక నమ్మారు. మంచం వెళ్లింది, పరుపు వెళ్లింది, గ్యాసు పొయ్యి వెళ్లింది. టీచరమ్మ మెట్ల మలుపులో నిలబడి, ఒకరినొకరు తోసుకోకుండా వరస కట్టించింది.

ఈ గొడవలో భార్య బాత్రూం అలమారలో దువ్వెన చూసింది. చేతిలోకి తీసుకుంది. ఒక పన్ను లేదు. తన దువ్వెనకు పోయిన పన్నే. విరిగిన చోట వేలు పెట్టి చూస్తే కొత్త విరుపు, పటకారు గాట్లు ఇంకా తెల్లగా ఉన్నాయి. పరాయి ఆడదాని కోసం ఏ మగాడైనా కొత్త దువ్వెన కొంటాడు. కొన్న దువ్వెనకు కూర్చుని పన్ను విరిచే మనిషి భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆవిడకు ఎక్కడో వెలగడం మొదలైంది.

"ఒరేయ్ ఆగు," అంటూ హాల్లోకి వచ్చింది. హాల్లో ఆపడానికి ఏమీ లేదు. గోడ మీద ఫోటో మాత్రం ఉంది, అది ఎవరికీ అక్కర్లేక.

అప్పుడే కింద లారీ ఆగింది. గ్యారంటీగారు, మేస్త్రి అద్దం పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చారు. ఎదురుగా భార్య కనిపించగానే ఆయన మొహం వెలిగింది. "నువ్వెప్పుడు వచ్చావ్? చూశావా, ఒక్క వస్తువైనా..." అని, చుట్టూ చూసి ఆగిపోయాడు. ఇల్లు అలికినంత శుభ్రంగా ఉంది.

"ఏది బావా ఆవిడ?" అన్నాడు తమ్ముడు.

"ఎవరు?"

"రెండో ఆవిడ."

గ్యారంటీగారు అద్దం గోడకు ఆనించి, నకలు సంగతి మొదటి నుంచి చెప్పుకొచ్చాడు. మాటివ్వని మేస్త్రి, కదిలించకూడని వస్తువులు, సంచిలో చెప్పులేసుకుని వెళ్లిన షాపు, అన్నీ కుదిరాక తీసేసే పాతవి. చెబుతుంటే తన నోటి మాటలే తనకు వింతగా వినిపించాయి. ఆఫీసులో ఇదే సంగతి చెబితే అందరూ తలలూపుతారు. ఇక్కడ ఊగిన తల అత్తగారిది ఒక్కటే, అదీ అడ్డంగా.

"అల్లుడుగారూ, మీకు జీతం ఇచ్చేది దీనికేనా?"

భార్య మాత్రం దువ్వెన అటూ ఇటూ తిప్పుతూ అడిగింది. "అన్నిటికీ నకళ్లు తెచ్చారు. మరి నాకు?"

"నీకు నకలు లేదు," అన్నాడు గ్యారంటీగారు. ఆయన జీవితంలో గ్యారంటీ అడగకుండా అన్న మాట అదొక్కటే. ఆవిడ పెదవి చివర కాస్త కదిలింది. తమ్ముడు తల గోక్కుని కిటికీ వైపు తిరిగాడు. ఎదురు మేడలో ఇద్దరు పిల్లలు అక్కయ్య మంచం మీద ఎగురుతున్నారు.

"ఇచ్చినవి వెనక్కి అడుగుతామా ఏమిటి," అంది భార్య తమ్ముడి చూపు పట్టుకుని. "పోనీలెండి. పాత ఇంట్లో అన్నీ ఉన్నాయి కదా. మీ రూలు అందుకే కదా. వెనక్కి పోదాం పదండి."

గ్యారంటీగారు ఫోను తీసి వృద్ధాశ్రమానికి చేశాడు. మేనేజరు సంతోషంగా పలికాడు. "మీ మేలు మరిచిపోం సార్. మీ పరుపు మీద అప్పుడే ఒక తాతగారు నిద్రపోతున్నారు. ఎన్నాళ్ల తర్వాతో ఇలా పడుకున్నారు. ఏమైనా పనుందా సార్, లేపమంటారా?"

"వద్దండీ," అన్నాడు గ్యారంటీగారు. "పడుకోనివ్వండి."

రెంటికీ చెడ్డ రేవడి అని చిన్నప్పుడు ఎవరినో అంటే ఆయన పగలబడి నవ్వేవాడు. ఇప్పుడు రేవడి ఎలా ఉంటాడో చూడాలంటే నాలుగడుగులు వేసి అద్దం ముందు నిలబడితే చాలు. మేస్త్రి దుప్పట్లు విప్పాడు. నానమ్మ అద్దం మీద గీత కూడా పడలేదు. ఏ గ్యారంటీ లేకుండా వచ్చింది అదొక్కటే, వచ్చిందీ అదొక్కటే. దాన్ని గోడకు నిలబెడితే, అందులో ఇంకో ఖాళీ ఇల్లు, ఆ ఇంటి మధ్యలో ఆయనలాగే దిగాలుగా ఇంకో ఆయన.

అందరూ కాసేపు ఆ అద్దంలోకే చూస్తూ నిలబడ్డారు. చూడటానికి వేరే ఏమీ లేదు మరి.

"అద్దం మాత్రం భద్రంగా తెచ్చాను," అన్నాడు గ్యారంటీగారు చివరికి. "రూలులో తప్పు లేదు. మధ్యలో ఇంత తేడా వస్తుందని ఎవరనుకుంటారు?"

భార్య వంగి కాలి చెప్పు పట్టీ సర్దుకుంది.

"మధ్యలో ఎక్కడొచ్చింది? నాకు ఒక్క మాట చెప్పకుండా నా చెప్పులు సంచిలో వేసుకుని షాపుకు వెళ్లారే, అప్పుడే వచ్చింది."